2,21,05,00,800 : ఒక బానిస ముసలాయన చెప్పిన లెక్క



పోస్టు కొంచెం పెద్దది. హాస్టల్లో నెట్ సరిగ్గా రాకపోతే సేవ్ చేసుకుని రాత్రికి చదవండి. పెన్ను, కాగితం దగ్గర పెట్టుకుంటే ఇంకా మంచిది.

పైన ఉన్న సంఖ్యను ఒకసారి నోటితో చదవండి. రెండు వందల ఇరవై ఒక్క కోట్ల అయిదు లక్షల ఎనిమిది వందలు. దీన్ని 240 ఏళ్ళ కింద అమెరికాలో ఒక బానిస, చదవడం రాయడం రాని ముసలాయన, కాగితం ముట్టకుండా ఒకటిన్నర నిమిషంలో నోటితో చెప్పాడు. పక్కన పెన్ను పట్టుకుని కూర్చున్న చదువుకున్న పెద్దమనిషి "తప్పు" అన్నాడు. తప్పు ముసలాయనది కాదు, పెన్నుదని తేలింది.

ఇంటర్‌లో చేరేటప్పుడు నేను ఎంపీసీ అంటే, అడ్మిషన్ దగ్గర కూర్చున్న ఒక సారు నా సర్టిఫికెట్ చూసి, "మీ వాళ్ళకి లెక్కలు ఎక్కవురా, ఆర్ట్స్ తీసుకో" అన్నాడు. తిట్టలేదు. నా మంచి కోసమే చెప్పినట్టు చెప్పాడు. ఈ గ్రూపులో ఆ మాట వినని వాళ్ళు ఎంతమంది ఉంటారో నాకు తెలియదు గానీ, విన్నవాళ్ళే ఎక్కువ ఉంటారని నా నమ్మకం. అందుకే ఈ కథ మన గ్రూపులో రాస్తున్నాను.

ఎవరీ ముసలాయన?

పేరు థామస్ ఫుల్లర్. టామ్ అనేవాళ్ళు. 1710 ప్రాంతంలో ఆఫ్రికా పడమటి తీరంలో పుట్టాడు. 14 ఏళ్ళ వయసులో, అంటే 1724 ప్రాంతంలో, పట్టుకుని ఓడ ఎక్కించి అమెరికాలో అమ్మేశారు. కన్నవాళ్ళు ఏ పేరు పెట్టారో ఏ కాగితంలోనూ మిగల్లేదు. ఫుల్లర్ అనేది అక్కడ వచ్చిన పేరే. వర్జీనియాలో అలెగ్జాండ్రియా ఊరికి నాలుగు మైళ్ళ దూరంలో, ఎలిజబెత్ కాక్స్ అనే ఆమె పొలంలో బతుకంతా కూలి చేశాడు. కూలి అంటే జీతం ఇచ్చే కూలి కాదు. ఆయన కూడా ఆమె ఆస్తి కిందే లెక్క.

బడి మొహం చూడలేదు. మరి లెక్క ఎలా వచ్చింది? ఆయన చెప్పుకున్నది ఇది. మొదట పది దాకా లెక్కపెట్టడం, తర్వాత వంద దాకా లెక్కపెట్టడం పట్టుబడింది. ఆ పైన ఆవు తోకలో వెంట్రుకలు లెక్కపెట్టాడు. 2,872 వచ్చాయి. నవ్వు వస్తుందేమో గానీ ఆలోచించండి. పొలంలో పశువుల దగ్గర రోజంతా ఉండే మనిషికి పలక ఏది, పుస్తకం ఏది? ఆవు తోకే ఆయన ఎక్కాల పుస్తకం. తర్వాత గింజల మీదికి పోయాడు. ఒక కొలతలో ఎన్ని గింజలు పడతాయి, ఇంత పొలానికి ఎన్ని కర్రలు కావాలి, ఇంత దూరానికి ఎన్ని అడుగులు, ఎన్ని అంగుళాలు, ఇలా తన చేతికి అందిన ప్రతిదాన్నీ లెక్కలోకి తెచ్చుకున్నాడు. తొమ్మిది అంకెల సంఖ్యను తొమ్మిది అంకెల సంఖ్యతో గుణించి చెప్పాడని కూడా రాశారు.

ఈ పేరు విని పెన్సిల్వేనియా నుంచి ఇద్దరు పెద్దమనుషులు చూడ్డానికి వచ్చారు. విలియం హార్ట్స్‌హోర్న్, శామ్యూల్ కోట్స్. అప్పటికి ఆయన తల నెరిసింది, ఒంట్లో సత్తువ తగ్గింది. వాళ్ళు మూడు ప్రశ్నలు అడిగారు.

మొదటిది: ఏడాదిన్నరలో ఎన్ని సెకండ్లు? సుమారు రెండు నిమిషాల్లో చెప్పాడు: 4,73,04,000.

రెండోది: 70 ఏళ్ళ 17 రోజుల 12 గంటలు బతికిన మనిషి ఎన్ని సెకండ్లు బతికినట్టు? ఒకటిన్నర నిమిషంలో చెప్పాడు: 2,21,05,00,800.

ఇక్కడే గొడవ వచ్చింది. కాగితం మీద లెక్క వేస్తున్న ఆయన, నీ లెక్క తప్పు, అంత పెద్ద సంఖ్య రాదు అన్నాడు. ఫుల్లర్ తడబడలేదు. మీరు లీపు సంవత్సరాలు మర్చిపోయారు దొరా అన్నాడు. కాగితం ఆయన ఆ రోజుల సెకండ్లు కలిపి చూశాడు. రెండు లెక్కలూ సరిపోయాయి.

మూడోది: ఒక రైతు దగ్గర ఆరు ఆడ పందులున్నాయి. ఒక్కోటి ఏడాదికి ఆరు ఆడ పిల్లల్ని పెడుతుంది, అవన్నీ అదే లెక్కన పెరుగుతాయి. ఎనిమిదేళ్ళకు మొత్తం ఎన్ని? దీనికి పది నిమిషాలు పట్టింది. ప్రశ్న మొదట ఆయనకు సరిగ్గా అర్థం కాకపోవడం వల్లే ఆలస్యమైందని రాశారు. జవాబు: 3,45,88,806.

మనం కూడా వేసి చూద్దాం

ఎవరో రాశారు కాబట్టి నమ్మేయడం ఎందుకు? లెక్క ఎదురుగానే ఉంది, వేద్దాం.

ఒక రోజుకి 24 గంటలు, గంటకి 3,600 సెకండ్లు. రోజుకి 86,400 సెకండ్లు.

70 ఏళ్ళకి రోజులు: 70 × 365 = 25,550. నాలుగేళ్ళకొక లీపు రోజు చొప్పున 70 ఏళ్ళలో 17 పూర్తి లీపు రోజులు. 25,567 అయ్యాయి. ప్రశ్నలో ఉన్న 17 రోజులు కలిపితే 25,584. ఇంకా 12 గంటలు, అంటే అర రోజు. మొత్తం 25,584.5 రోజులు.

దీన్ని 86,400తో గుణించాలి. ముందు 864తో చేసి చివర రెండు సున్నాలు పెడదాం. 25,584.5 × 800 = 2,04,67,600. 25,584.5 × 64 = 16,37,408. రెండూ కలిపితే 2,21,05,008. రెండు సున్నాలు పెడితే 2,21,05,00,800. సరిగ్గా ఆయన చెప్పిందే.

ఇప్పుడు కాగితం ఆయన లెక్క. లీపు రోజులు వదిలేస్తే 25,567.5 రోజులు. దాన్ని 86,400తో గుణిస్తే 2,20,90,32,000. తేడా 14,68,800 సెకండ్లు. అంటే సరిగ్గా 17 రోజులు.

పందుల లెక్క కూడా చూడండి. ఏటా ఒక్కో పంది తాను ఉంటుంది, ఇంకో ఆరు వస్తాయి. అంటే ఏటా ఏడింతలు. ఆరుతో మొదలుపెట్టి ఎనిమిది సార్లు ఏడుతో గుణించాలి: 6, 42, 294, 2,058, 14,406, 1,00,842, 7,05,894, 49,41,258, 3,45,88,806. ఎవరైనా ఆరింతలు అనుకుంటే తల్లుల్ని మర్చిపోయినట్టే. ఆయన మర్చిపోలేదు.

ఈ సంఖ్య లోపల ఏముంది?

నాకు అన్నిటికంటే ఆసక్తి అనిపించింది ఇదే. మన లెక్కల పుస్తకంలో తొమ్మిదితో సరిచూసే పద్ధతి ఉంది కదా. అంకెలన్నీ కూడి, ఆ మొత్తం తొమ్మిదితో భాగించబడితే సంఖ్య కూడా భాగించబడుతుంది. పాతకాలం గుమాస్తాలు గుణకారం సరిగ్గా వచ్చిందా లేదా అని ఇలాగే చూసుకునేవాళ్ళు.

ఫుల్లర్ జవాబు: 2+2+1+0+5+0+0+8+0+0 = 18. తొమ్మిదితో పోతుంది.

కాగితం ఆయన తప్పు జవాబు: 2+2+0+9+0+3+2+0+0+0 = 18. ఇదీ పోతుంది!

ఎందుకంటే పన్నెండు గంటలకి 43,200 సెకండ్లు. 4+3+2 = 9. ఆ సంఖ్యే తొమ్మిది గుణిజం. దాన్ని దేనితో గుణించినా తొమ్మిది వదలదు. కాబట్టి తొమ్మిది పరీక్ష పెడితే రెండు జవాబులూ పాసవుతాయి. కాగితం ఆయన గుణకారంలో ఒక్క అంకె కూడా తప్పు లేదు. ఎన్ని సార్లు తిరిగి గుణించినా ఆ తప్పు ఆయనకు దొరికేది కాదు. తప్పు గుణకారంలో లేదు, సంవత్సరం అంటే ఏమిటి అన్న దాంట్లో ఉంది. ఏడాదంటే 365 రోజులు అని ఆయన అనుకున్నాడు. ఎండలో వానలో పొలం చేసిన మనిషికి, ఏడాది అంటే సూర్యుడి చుట్టూ నడిచే కాలమని, అది 365కి కొంచెం ఎక్కువని గుర్తుంది.

ఇంకొంచెం లోపలికి పోదాం. మొత్తం కాలాన్ని పన్నెండు గంటల ముక్కలుగా కొలిస్తే 51,169 ముక్కలు వస్తాయి. కాబట్టి మన సంఖ్య = 51,169 × 43,200. ఇందులో 43,200ని విడగొట్టడం తేలిక: ఆరు రెండ్లు, మూడు మూళ్ళు, రెండు అయిదులు గుణిస్తే వస్తుంది. మరి 51,169? రెండుతో పోదు, మూడుతో పోదు, అయిదు, ఏడు, పదకొండు, దేనితోనూ పోదు. 227ని 227తో గుణిస్తే 51,529, మనదాని కంటే పెద్దది. కాబట్టి 226 దాకా ఉన్న ప్రధాన సంఖ్యలతో చూస్తే చాలు. అవి 48. ఒక ఆదివారం కూర్చుని 48తోనూ భాగించి చూశాను. ఒక్కదానితో కూడా పోలేదు. 51,169 ప్రధాన సంఖ్య.

తప్పు లెక్కలో దాని చోట వచ్చేది 51,135. అది 3 × 5 × 7 × 487. ముక్కలు ముక్కలుగా విడిపోతుంది. సరైన లెక్క మాత్రం గట్టి రాయిలా విడిపోదు. ఇందులో మహిమ ఏమీ లేదు, అలా కుదిరిందంతే. కానీ 17 రోజులు కలిపితే సంఖ్య స్వభావమే ఎలా మారిపోయిందో చూడండి.

ఇంకో సంగతి మీ చేతిలో ఉన్న ఫోనుకి సంబంధించింది. చాలా కంప్యూటర్లు 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకండ్లను లెక్కపెట్టుకుంటూ టైమ్ చెబుతాయి. పాత పద్ధతిలో ఆ లెక్క దాచుకునే గది చిన్నది. అందులో పట్టే అతి పెద్ద సంఖ్య 2,14,74,83,647. ఆ గది 2038 జనవరి 19న నిండిపోతుంది. అందుకే కొత్త కంప్యూటర్లలో గది పెద్దది చేశారు. ఇప్పుడు ఫుల్లర్ చెప్పిన సంఖ్యను దీంతో పోల్చండి. ఆయనదే పెద్దది. పాత కంప్యూటర్ గదిలో పట్టని సంఖ్యను ఆ ముసలాయన తలలో పట్టించుకున్నాడు.

ఆ సెకండ్లు 1970 నుంచి లెక్కపెడితే ఎప్పటికి పూర్తవుతాయో కూడా వేశాను. 1970 నుంచి 70 ఏళ్ళంటే 2040. మధ్యలో 1972 నుంచి 2036 దాకా సరిగ్గా 17 లీపు సంవత్సరాలు. ఆ పైన 17 రోజులు, 12 గంటలు. 2040 జనవరి 18, మన టైములో సాయంత్రం అయిదున్నర. ఆ సాయంత్రం కంప్యూటర్ల లోపల నడిచే లెక్క సరిగ్గా 2,21,05,00,800 చూపిస్తుంది. అప్పటికి మనలో చాలామందికి పిల్లలు హైస్కూల్లో ఉంటారు. ఆ రోజు గుర్తుంటే వాళ్ళకి ఈ ముసలాయన కథ చెప్పండి.

ఈ కథ ఎందుకు రాసి పెట్టారు?

ఇది ఊరికే వింత కోసం రాసింది కాదు. ఫిలడెల్ఫియాలో బెంజమిన్ రష్ అనే పెద్ద డాక్టరు ఉండేవాడు. 1776లో అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం పెట్టినవాళ్ళలో ఒకడు. బానిసత్వాన్ని వ్యతిరేకించే సంఘంలో పనిచేశాడు. ఆ ఇద్దరు పెద్దమనుషులు చెప్పింది విని 1788లో ఉత్తరంగా రాశాడు, మరుసటి ఏడాది అది అచ్చయింది. మనకు ఈ మూడు ప్రశ్నలూ తెలిసింది దానివల్లే.

అప్పటి వాదన ఏమిటంటే నల్లవాళ్ళకు బుద్ధి తక్కువ, కాబట్టి వాళ్ళు బానిసలుగా ఉండటం సహజమే అని. ఈ మాట అన్నది వీధిలో తిరిగే రౌడీలు కాదు. మనుషులందరూ సమానంగా పుట్టారని అదే స్వాతంత్ర్య ప్రకటనలో రాసిన థామస్ జెఫర్సన్, తన వర్జీనియా పుస్తకంలో నల్లవాళ్ళు ఆలోచనలో తెల్లవాళ్ళ కంటే చాలా తక్కువని, యూక్లిడ్ జామెట్రీ అర్థం చేసుకోగలిగినవాడు వాళ్ళలో దొరకడం కష్టమని రాశాడు. ఆ పుస్తకం ఇంగ్లీషులో 1787లో వచ్చింది. ఆయనదీ వర్జీనియానే, ఫుల్లర్‌దీ వర్జీనియానే. ఆ మాటకు ఎదురుగా నిలబెట్టడానికే రష్ లాంటివాళ్ళకి ఫుల్లర్ కావలసి వచ్చాడు.

1791లో బెంజమిన్ బానెకర్ అనే ఆయన, స్వేచ్ఛగా పుట్టిన నల్ల రైతు, సొంతంగా ఖగోళ గణితం నేర్చుకుని పంచాంగం తయారు చేసి, దాని ప్రతిని ఒక ఉత్తరంతో కలిపి జెఫర్సన్‌కే పంపాడు. జెఫర్సన్ మర్యాదగా జవాబు రాశాడు. కానీ 1809లో ఒక స్నేహితుడికి రాస్తూ, ఆ పంచాంగం బానెకర్ ఒక్కడే చేశాడా, ఎవరైనా సాయం చేశారా అని అనుమానపడ్డాడు. చూశారా? రుజువు అడుగుతారు. రుజువు తెస్తే నీదేనా అంటారు. రిజర్వేషన్ సీటు గురించి మన ముందు మాట్లాడే మాటలు గుర్తొస్తున్నాయా?

మరి ఫుల్లర్‌కి ఏమొచ్చింది? రుజువైంది కదా, విడుదల చేశారా? లేదు. కొనుక్కుంటామని వింత కోసం చాలామంది పెద్ద మొత్తాలు ఇవ్వబోయారు, కాక్స్ అమ్మలేదు. ఆమె అమ్మనందుకు తాను రుణపడి ఉన్నానని ముసలాయన గౌరవంగా చెప్పాడని రాశారు. ఆ మాట చదివినప్పుడు నాకు కడుపులో తిప్పింది. అమ్మకపోవడమే దయ అయిన లోకం అది. 1790లో 80 ఏళ్ళ వయసులో బానిసగానే చనిపోయాడు. బోస్టన్‌లో కొలంబియన్ సెంటినెల్ పత్రిక ఆయన చనిపోయిన వార్త వేసింది, చదువు దొరికి ఉంటే న్యూటన్ లాంటివాళ్ళ పక్కన నిలిచేవాడన్నట్టు రాసింది. బతికున్నప్పుడు మాత్రం ఆ చదువు ఎవరూ ఇవ్వలేదు.

అక్కడున్న ఒకాయన ఆయనతో, నీ తెలివికి తగ్గ చదువు లేకపోవడం పాపం అన్నాడట. దానికి ముసలాయన, లేకపోవడమే మంచిదైంది, చదువుకున్నవాళ్ళలో చాలామంది మూర్ఖులున్నారు అన్నట్టు జవాబిచ్చాడు. దీన్ని పట్టుకుని చదువు దండగ అని ఎవరూ అనుకోకండి. చదువు దక్కని చోట, తన ఎదుట కాగితం పట్టుకుని తప్పు లెక్క చెప్పిన పెద్దమనిషికి ఒక బానిస ఇచ్చుకోగలిగిన జవాబు అది. మనకి ఆ గతి లేదు. మనం చదవాలి.

లెక్క ఎక్కడి నుంచి వచ్చింది?

చాలాకాలం ఈ కథను ప్రకృతి వింత అన్నట్టే చెప్పారు. ఏమీ లేని చోట నుంచి ఊడిపడ్డ తెలివి అన్నట్టు. 1990లో, ఆయన చనిపోయి 200 ఏళ్ళయిన సందర్భంలో, జాన్ ఫావెల్, పౌలస్ గెర్డెస్ అనే ఇద్దరు గణిత చరిత్రకారులు ఒక వ్యాసం రాసి వేరే ప్రశ్న అడిగారు. 14 ఏళ్ళ పిల్లాడు ఓడ ఎక్కేటప్పటికే లెక్క నేర్చుకుని ఉండడా? పడమటి ఆఫ్రికాలో అప్పటికే పెద్ద సంతలు, గవ్వలతో వ్యాపారం, నోటి లెక్క గట్టిగా ఉన్నాయి. అక్కడి యోరుబా భాషలో లెక్క ఇరవైల మీద నడుస్తుంది, తీసివేతతో కూడా నడుస్తుంది. 45 అనాలంటే మూడు ఇరవైల్లోంచి పది తీసి, మళ్ళీ అయిదు తీస్తారు. ఫుల్లర్ యోరుబా అని నేను అనడం లేదు. కానీ సంఖ్య పేరు పలకడమే ఒక కూడిక, ఒక గుణకారం, ఒక తీసివేత అయిన చోట పిల్లలకి లెక్క ఉగ్గుపాలతో వస్తుంది.

మన దగ్గర లేదా? ఉంది. శ్రీకాకుళం, పార్వతీపురం కొండల్లో, అటు ఒడిశాలో ఉన్న మన సవర వాళ్ళ భాషలో 12 దాకా వెళ్ళాక 13 అంటే పన్నెండు-ఒకటి, 19 అంటే పన్నెండు-ఏడు. 20 కొత్త మెట్టు. 33 అంటే ఇరవై-పన్నెండు-ఒకటి. పన్నెండు, ఇరవై రెండూ కలిపి నడిచే లెక్కలు ప్రపంచంలో చాలా అరుదు. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు సవర భాష నేర్చుకుని, ఆ భాష మీద రాసిన పుస్తకం 1931లో అచ్చయింది. పన్నెండుని రెండు, మూడు, నాలుగు, ఆరుతో పంచవచ్చు. పదిని రెండు, అయిదుతోనే పంచగలం. పంచుకుని తినే వాళ్ళకి పన్నెండు ఎంత సుఖమో ఆలోచించండి. సవర తమ్ముళ్ళు ఎవరైనా గ్రూపులో ఉంటే మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఎలా లెక్కపెడతారో రాయండి, నేను ఏమైనా తప్పు చెబితే సరిచెయ్యండి.

మా తాత సంగతి చెప్పి ముగిస్తాను. ఆయన కొండచీపుర్లు కట్టలు కట్టి సంతకు తీసుకెళ్ళేవాడు. ఇరవై కట్టలకి ఒక గులకరాయి పంచె కొంగులో వేసుకునేవాడు. సంతలో రాళ్ళు తీసి నేల మీద పరిచి, విడిగా మిగిలిన కట్టలు కూడి చెప్పేవాడు. సావుకారు కాగితం మీద రాసి ఇంకో సంఖ్య చెప్పేవాడు. ఎప్పుడూ తక్కువే. తాత రాళ్ళ వంక చూసేవాడు, కాగితం వంక చూసేవాడు. కాగితమే గెలిచేది. ఇంటికొచ్చాక మాత్రం "రాళ్ళు అబద్ధం ఆడవురా" అనేవాడు. ఫుల్లర్ కథలో ఒక్కసారి కాగితం ఓడిపోయింది, అదీ ఎదుటివాడు నిజాయితీగా మళ్ళీ లెక్క వేసి చూశాడు కాబట్టి. మా తాతకి అలా వేసి చూసేవాడు దొరకలేదు.

అందుకే నా మాట రెండు ముక్కలు. ఒకటి, ఫుల్లర్‌లా ఒకటిన్నర నిమిషంలో చెప్పగలిగితేనే మనం మనుషులమని ఒప్పుకుంటాం అనేవాళ్ళకి రుజువులు చూపిస్తూ కూర్చోవద్దు. ఆయన ఎంత పెద్ద రుజువు చూపించినా సంకెళ్ళు ఊడలేదు. లెక్క ఆలస్యంగా వచ్చేవాడికి, సప్లిమెంటరీలో పాసయ్యేవాడికి కూడా అదే గౌరవం ఉండాలి. రెండు, ఎవరైనా కాగితం చూపించి మీ లెక్క తప్పు అంటే భయపడి తలవంచకండి, కోపంతో లేచిపోకండి. వాళ్ళు ఏది కలపడం మర్చిపోయారో చూడండి. పోడు పట్టా లెక్కలో, స్కాలర్‌షిప్ లెక్కలో, సంతలో తూకం లెక్కలో గుణకారం చాలాసార్లు సరిగ్గానే ఉంటుంది. అసలు తప్పు మొదట ఏది కలపలేదు అన్న దగ్గరే ఉంటుంది. ఆ 17 రోజులు ఎక్కడ పోయాయో వెతకండి.

నేను ఎంపీసీయే తీసుకున్నాను. మొదటి ఏడాది లెక్కలు ఒక పేపరు పోయింది కూడా. మళ్ళీ రాశాను, పాసయ్యాను.

మీ అవ్వాతాతలు రాళ్ళతో, ముడులతో, వేళ్ళ కణుపులతో ఎలా లెక్కపెట్టేవాళ్ళో కింద రాయండి. వాళ్ళు ఉన్నప్పుడే అడిగి రాసుకుందాం. ఎవరైనా 51,169ని ఇంకోసారి 48 ప్రధాన సంఖ్యలతో భాగించి చూస్తే, నాది తప్పైతే మొహమాటం లేకుండా చెప్పండి. సరిచేస్తాను.

జోహార్.